గోడకి ఆనించిన పీట

జిఫా నర్సు వాకిట్లోకి వచ్చేసరికి కెంకీ చుట్టే పని జోరుగా సాగుతోంది. పులిసిన మొక్కజొన్న పిండిలో సగం ఉడికించి, మిగతా పచ్చిపిండితో కలిపి కొయ్య తొట్టిలో పోశారు. తొట్టి చుట్టూ పీటలేసుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. నానిన కండె పొరలు అరచేతిలో పరుచుకోవడం, మధ్యలో ముద్ద పెట్టడం, గుండ్రంగా చుట్టి కొస మెలిపెట్టి బొటనవేలితో లోపలికి నొక్కడం. ఆ నొక్కడంలోనే ఉంది పనితనమంతా. డేడే నొక్కిన కెంకీ కుండలో ఎంతసేపు ఉడికినా విడదు. అక్రా పాతపేటలో మెలిక చూసి ఏ ఇంటి కెంకీయో చెప్పేవాళ్ళున్నారు. డేడే మెలికని చూడక్కర్లేదు, తడిమి చెబుతారు.

పీటల్లో ఒకటి మాత్రం గోడకి ఆనించి ఉంది. అది డేడే పిన్నికూతురు కోషీది. కిందటేడు రొమ్ములో గడ్డ వచ్చి చనిపోయింది. ఆమె పోకముందే ఆ పీట గోడకి చేరింది. చేర్చింది డేడేయే. "పుండున్న మనిషి చెయ్యి పెట్టిన పిండిని ఎవరు కొంటారు?" అంది. నిజమే కదా అని ఇల్లంతా ఊరుకుంది. డేడే చెల్లెలు ఫోఫో మాత్రం చేతులు కడుక్కోకుండానే లేచి బయటికి వెళ్ళిపోయింది.

"దీన్నెవరే పిలిచింది?" అని డేడే ఇప్పుడు ఆ ఫోఫోనే అడిగింది, నర్సుకి వినపడనంత మెల్లగా.

"నాకేం తెలుసక్కా," అంది ఫోఫో తల ఎత్తకుండా.

ఫోఫో అబద్ధం చెప్పేటప్పుడు ముఖం మారదు, గొంతు మారదు. చేతులు మాత్రం వేగం అందుకుంటాయి. చిన్నప్పుడు ఎండుచేప దొంగిలించి తిన్నప్పటి నుంచీ అంతే. డేడే చూస్తుండగానే ఫోఫో చేతుల్లో రెండు కెంకీలు చకచకా తయారై బుట్టలో పడ్డాయి.

జిఫా వోల్టా నది అవతలి మనిషి. ఈ పేట భాష ఆమె నోట్లో రాళ్ళు నమిలినట్టు పలుకుతుంది. వీధి చివరి ఆసుపత్రిలో పని. అవతలి వాకిట్లో చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు ఇరవై మంది ఉంటే వాళ్ళ గడప తొక్కకుండా నేరుగా ఇక్కడికే రావడం డేడేకి నచ్చలేదు. ఊరికే వచ్చేవాళ్ళు వరుసగా అన్ని ఇళ్ళకీ వస్తారు. ఒక్క ఇంటికే వచ్చారంటే ఎవరో దారి చెప్పారన్నమాట.

నర్సు రొమ్ము గడ్డల గురించి మొదలుపెట్టింది. "చిన్న వయసులోనే సమర్తాడినవాళ్ళకీ, బాగా ఆలస్యంగా ముట్లుడిగినవాళ్ళకీ కాస్త ఎక్కువగా వస్తుంది. పిల్లలు లేనివాళ్ళకి, తొలికానుపు ముప్పై దాటాక అయినవాళ్ళకి, బిడ్డకి తమ పాలు ఇవ్వనివాళ్ళకి కూడా. ముట్లుడిగాక ఒళ్ళు బాగా పెరిగినా, సారా గానీ బీరు గానీ తాగినా అంతే."

ఒక్కో మాటా పడుతుంటే ఒక్కో తలా ఫోఫో వైపు తిరిగింది. ఫోఫోకి ముప్పై అయిదు దాటాక ఒకే ఒక్క కొడుకు. వాడికీ డబ్బా పాలే. ఆదివారం పూట బీరు తాగుతుంది, తాగి అందరికీ వినపడేట్టు నవ్వుతుంది. నర్సు చెబుతున్నది జబ్బు సంగతో ఫోఫో సంగతో తెలియకుండా పోయింది.

"ఇవేవీ గడ్డని తీసుకురావు. అపాయాన్ని కొంచెం పెంచుతాయి, అంతే. అన్నిటికంటే పెద్ద కారణం ఆడదై పుట్టడం, వయసు మీదపడటం," అని కూడా నర్సు చెప్పింది. అది ఎవరి చెవినా పడలేదు. ఆ మాటలో పట్టుకోవడానికి మనిషి ఎవరూ లేరు మరి.

ఇంటికి పెద్ద ఒకైలీ అవ్వ దగ్గి గొంతు సవరించుకుంది. "ఇవన్నీ కాదు గానీ, చిల్లర డబ్బులు రవికలో దోపుకుంటే వస్తుంది. కోషీకి అందుకే వచ్చింది."

"డబ్బుల వల్ల రాదవ్వా."

"నువ్వు చెప్పొచ్చావులే," అంది అవ్వ. నర్సు కాదన్నా, ఇద్దరు ముగ్గురు ఎందుకైనా మంచిదని రవికలో డబ్బు తీసి నడుము దగ్గర ముడేసుకున్నారు.

అప్పుడు ఫోఫో అడిగింది. "సిస్టర్, ఇవేవీ లేనివాళ్ళకి రాదా? వయసులోనే పిల్లల్ని కని, అందరికీ పాలిచ్చి, బీరు మొహమే చూడని మనిషికి?"

"వస్తుంది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో అలాంటివాళ్ళు చాలామంది."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే," అంది డేడే. తొట్టి చుట్టూ నవ్వులు లేచాయి. ఫోఫో కూడా నవ్వింది, కానీ ఆదివారం నవ్వులా లేదది.

గదిలో ఒక్కొక్కరినీ చూస్తానంది నర్సు. కోడిపిల్లల్లా ఒకర్నొకరు తోసుకుంటూ వెళ్ళొచ్చారు. ఫోఫో మాత్రం "నాది తర్వాత" అని కదల్లేదు. నర్సు చివరికి డేడే ముందు ఆగింది. "మీరు రండమ్మా."

"నన్ను చూడక్కర్లేదు. ఆరుగుర్ని కన్నాను, ఒక్కొక్కరికీ రెండేసేళ్ళు పాలిచ్చాను. తెల్లారుజాము నుంచీ నిలబడి తెడ్డు తిప్పే ఒళ్ళు ఇది, కొవ్వు పట్టే తీరిక లేదు. చూడాల్సినవాళ్ళని చూడండి."

నర్సు ఫోఫో వైపు చూసింది. ఫోఫో తొట్టిలోకి చూసింది. ఆ చూపుని డేడే మధ్యలోనే పట్టేసింది. వీళ్ళిద్దరికీ ముందే పరిచయం ఉంది.

అనుమానం పిండిలాంటిది. రాత్రి చారెడు కలిపి మూత పెడితే తెల్లారేసరికి మూత తోసుకుని పైకొస్తుంది. మర్నాడు పొద్దున స్నానాల వేళకి డేడే మనసు అలాగే ఉంది. స్నానాల దడి వెనకాల వీపులు రుద్దుకోవడంలో అక్కాచెల్లెళ్ళు ఎప్పుడూ జంటే. డేడే మొగుడు పోయాక ఆమె ఒంటిమీద చెయ్యి వేసే మనిషంటూ ఉంటే పీచుతో వీపు రుద్దే ఫోఫోయే. అలాంటిది ఈమధ్య ఫోఫో ముందే లేచి, ఒంటరిగా పోసుకుని, తువ్వాలు చంకల కింద గట్టిగా చుట్టుకుని బయటికొచ్చేస్తోంది.

"వీపు రుద్దవేమే?" అని ఆ పొద్దున డేడే దడి దగ్గరే అడ్డగించింది.

"ఆలస్యమైపోతోందక్కా, పొయ్యి రాజెయ్యాలి."

పొయ్యి అప్పటికే మండుతోంది. ఇద్దరికీ కనపడుతూనే ఉంది.

మధ్యాహ్నం వేయించడానికి చేపలు కొందామని డేడే రేవుకి వెళ్ళింది. పడవ పక్కన కూర్చుని వల కుడుతున్న కోటే కనపడ్డాడు. ఫోఫో మొగుడు. వాళ్ళ పద్ధతిలో మగాళ్ళు రేవు దగ్గర తండ్రుల ఇళ్ళలో ఉంటారు, ఆడవాళ్ళు తల్లుల ఇళ్ళలో. పొద్దుగూకాక పెళ్ళాం గిన్నెలో కూడు పట్టుకెళ్తుంది, తెల్లారకముందే తిరిగొస్తుంది.

"ఏమిటొదినా, మీ ఇంట్లో కెంకీకి అంత గిరాకీ పెరిగిందా?" అన్నాడు కోటే, దారం పళ్ళతో కొరుకుతూ. "మా ఆవిడ గిన్నె గుమ్మంలో పెట్టి అట్నుంచటే పోతోంది. పనుంది, అక్క ఒక్కతే చేసుకుంటోంది అంటుంది. నన్ను చూస్తే చేపల వాసనేస్తోందేమో అనుకుంటున్నాను."

"వెయ్యకపోతే గదా వింత," అంది డేడే. నవ్వింది గానీ బేరం చెయ్యకుండానే చేపలు బుట్టలో వేయించుకుంది. ఈమధ్య ఫోఫో రాత్రికే ఇంటికి వచ్చేస్తోంది, వచ్చేసరికి ఊరు మాటు మణుగుతుంది. "కోటే కబుర్లు పెట్టుకుని కూర్చోబెట్టాడక్కా" అంటుంది. చేతులు చకచకా గిన్నె తోముతుంటాయి.

మొగుడితో పనుందంది, అక్కతో మొగుడంది. మధ్యలో ఆ కాస్త పొద్దూ ఎక్కడికి పోతోంది? ఇంకో మగాడు ఉన్నాడా? డేడే ఆ సాయంత్రం ఫోఫో విడిచిన గుడ్డ తీసి వాసన చూసింది. చెల్లెలి గుడ్డ వాసన చూడటమేమిటని సిగ్గేసింది, అయినా చూసింది. అత్తరు లేదు, సారా లేదు. ముక్కు లోపల చురుక్కుమనే చల్లటి వాసన. సూది వేసే ముందు దూదితో రుద్దుతారే, అది. ఆసుపత్రి వాసన.

అన్నీ ఒక్కసారి వచ్చి ముడిపడ్డాయి. ఒంటరి స్నానం, బిగించిన తువ్వాలు, మొగుడి దగ్గర పడుకోకపోవడం, నర్సు చూపు, "నాది తర్వాత" అనడం. ఫోఫోకి గడ్డ లేచింది.

ఉన్నమాట చెప్పాలంటే డేడేకి ముందు కలిగింది ఏడుపు కాదు. నేను చెప్పలేదా అనే తృప్తి. ఆ కాన్పు ఆలస్యం, ఆ డబ్బా పాలు, ఆ బీరు, వద్దు వద్దని ఎన్నిసార్లు చెప్పింది! ఆ తర్వాత మనుషులు ఏమంటారోనని భయమేసింది. ఆ తర్వాతే, పొయ్యి ముందు ఫోఫో వంగి ఊదుతుంటే ఆమె మెడ వెనక చిన్నప్పటి కాలిన మచ్చ కనిపించి, గుండె పిండేసినట్టయింది. ఆ మచ్చ మీద తేనె రాసింది డేడేయే. ఇంక గోడ పక్కన రెండో పీట ఆనించాలి. అది కూడా తనే ఆనించాలి.

మర్నాడు పొద్దువాలాక ఫోఫో కూడు గిన్నె నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. డేడే కాస్త ఎడంగా వెనకే నడిచింది. హోమోవో పండగకి ముందు రోజులు కావడంతో పేటలో డప్పుల మీద నిషేధం, చర్చిలో పాటలు కూడా చప్పట్లు లేకుండానే. ఆ నిశ్శబ్దంలో తన చెప్పులే తనకి గట్టిగా వినిపించి డేడే వాటిని విప్పి చేత్తో పట్టుకుంది. ఫోఫో కోటే గుమ్మంలో గిన్నె దించింది, లోపలికి తొంగి రెండు మాటలు చెప్పింది, సందు తిరిగి నేరుగా ఆసుపత్రిలోకి నడిచింది.

నర్సు గదికి తలుపు లేదు, పచ్చ తెర ఉంది. డేడే తెర ఇవతల నిలబడింది.

"ఇంకా ఎన్నాళ్ళు ఆగుతావమ్మా? నీకోసం ఇంటికొచ్చి చెప్పాను. అందర్నీ చూశాను. లాభం లేకపోయింది," అంటోంది జిఫా.

"మా అక్క సంగతి మీకు తెలీదు సిస్టర్."

డేడే తెర లాగింది. "ఏమిటే తెలియనిది నా సంగతి?"

ఫోఫో లేచి నిలబడింది. డేడే ఆమె భుజం పట్టుకుంది. "ఎక్కడుంది? చూపించు. ఎంత పెద్దదైంది? మొగుడికి తెలీకుండా, నాకు తెలీకుండా ఎన్నాళ్ళు మోద్దామనుకున్నావే?"

"నాకేం లేదక్కా."

"చేతులు ముందు పెట్టి చెప్పు."

ఫోఫో రెండు చేతులూ ముందుకు చాపింది. వాటిలో ఆ వేగం లేదు. "ఈమెని నేను చూశానమ్మా. ఏమీ లేదు," అంది జిఫా.

"మరెందుకు తిరుగుతోంది ఇక్కడికి?"

ఫోఫోయే మొదలుపెట్టింది, అక్క ముఖం చూడకుండా. "వీపు రుద్దుతుంటే ఒకనాడు నువ్వు చెయ్యెత్తి తలమీద నీళ్ళు పోసుకున్నావు. ఎడమ రొమ్ము కింద గుంట కనపడింది. పిండిలో వేలు గుచ్చి తీస్తే పడుతుందే, అలాగ. పిండైతే మళ్ళీ పొంగుతుంది. నువ్వు చెయ్యి దించావు, అది పోలేదు. మర్నాడు చూశాను, ఉంది. ఆ తర్వాత చూడ్డానికి నాకు ధైర్యం లేకపోయింది. అందుకే నీతో స్నానం మానేసి, ఏం చెయ్యాలో అడగడానికి రోజూ ఇక్కడికొస్తున్నాను."

డేడే చెయ్యి తనకి తెలియకుండానే ఎడమవైపు పోబోయింది. మధ్యలో ఆపుకుంది. "నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమనేదానివి? ముందు చూసిన కంటిదే దిష్టి అంటారు మనింట్లో. అన్నేళ్ళు పిల్లలు లేక ఏడ్చిన కన్ను, ఆరుగురి తల్లి మీద పడిందనేవాళ్ళు. నువ్వే అనేదానివి."

"అననే."

"అనేదానివక్కా." ఫోఫో ఇప్పుడు అక్క ముఖంలోకి చూసింది. "కోషీ చెబితే ఏమన్నావు? ఏం చేశావే, ఎందుకొచ్చిందే అని అడిగావు. పీట తీసి గోడకి పెట్టావు. నీ పీట ఎవరు తియ్యాలి చెప్పు. నేనా?"

డేడే బల్ల అంచున కూర్చుంది. కాసేపటికి జిఫాతో, "అడగాల్సినవేవో ఉంటాయిగా, అడగండి," అంది.

జిఫా అడిగింది. డేడే నిటారుగా కూర్చుని, పందెంలో గెలవాలన్నట్టు చెప్పింది. మొదటి కానుపు ఇరవైలోపే. ఆరుగురూ బతికారు. అందరికీ తన పాలే, ఆఖరివాడు నడక వచ్చాక కూడా పీట మీదున్న తన దగ్గరికొచ్చి తాగేవాడు. పిల్లలు పుట్టకుండా సూదులూ మాత్రలూ ఎన్నడూ లేవు. తాగుడంటే బారసాలల్లో పెదవికి తాకించే చుక్క, అంతే. ఒక్కో జవాబుకీ ఆమె నర్సు ముఖంలోకి చూసింది, ఇంకేం, మీకేం లేదు పొండి అంటుందేమోనని. నర్సు తలూపుతూ విని, చేతులు కడుక్కుని, రవిక విప్పమంది.

జిఫా వేళ్ళు మెలిక నొక్కే వేళ్ళలాగే నెమ్మదిగా, ఏ చోటూ వదలకుండా తిరిగాయి. ఒకచోట ఆగాయి. ముందుకు వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చి ఆగాయి. డేడే పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. పని తెలిసిన మనిషి కాబట్టి వేళ్ళు ఎందుకు ఆగుతాయో ఆమెకి తెలుసు.

"ఇది ఏమిటో ఇప్పుడే నేను చెప్పలేను," అంది జిఫా. "పెద్దాసుపత్రిలో సూదితో కొంచెం తీసి చూస్తారు. రేపే కాగితం రాయించి నేను తీసుకెళ్తాను. మీ కోషీ అంత ఆలస్యంగా రాలేదు మీరు. అది నిజం."

డేడే రవిక తొడుక్కుంటూ, "నేను అన్నీ సరిగ్గా చేశాను కదమ్మా," అంది. నర్సుని ఆమె అమ్మా అనడం అదే మొదటిసారి.

"చేశారు. మీరే తప్పూ చెయ్యలేదు."

గుండీ పెట్టుకుంటున్న వేళ్ళు నిలిచిపోయాయి. "మరి కోషీ?"

"ఆవిడా చెయ్యలేదు."

ఇంటిదాకా ఫోఫో పక్కనే నడిచింది. సందు మలుపులో డేడే చెప్పులు ఇంకా చేతిలోనే ఉండటం చూసి, వాటిని తీసుకుని కింద పెట్టింది. డేడే తొడుక్కుంది.

పొద్దున ఇంట్లోవాళ్ళంతా తొట్టి దగ్గరికి చేరారు. డేడే తన పీట మీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. "నా రొమ్ములో గడ్డ ఉంది. ఇవాళ పెద్దాసుపత్రికి వెళ్తున్నాను."

ఒకైలీ అవ్వ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "నీకెందుకొచ్చిందే? ఏం చేశావు?"

అది కోషీని డేడే అడిగిన మాటే. ఎదుటివాళ్ళ నోటి నుంచి వింటే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఒళ్ళంతా మండింది. ఆ తర్వాత సిగ్గుతో చల్లబడింది.

ఆమె వంగి తన పీట ఎత్తుకుంది. గోడ దగ్గరికి నడిచింది. తాను పెట్టిన ఆచారమే కాబట్టి ఎవరూ ఆపలేదు. ఫోఫో లేవబోయి ఆగింది. డేడే తన పీటని గోడకి ఆనించింది. పక్కనున్న కోషీ పీటని తీసుకుంది. ఏడాది దుమ్ముని పైగుడ్డ కొసతో తుడిచింది. తెచ్చి తొట్టి పక్కన, ఇదివరకు కోషీ కూర్చునే చోటునే వేసి కూర్చుంది.

"ఏం చెయ్యలేదవ్వా," అంది. "కోషీ కూడా ఏం చెయ్యలేదు. మనమే చేశాం, దానికి."

పిండిలో చెయ్యి పెట్టి ముద్ద తీసింది. తొట్టి చుట్టూ చేతులన్నీ ఆగి ఉన్నాయి. ఆమె చెయ్యి తీసిన చోటే, ఆ గుంటలోనే, ఫోఫో చెయ్యి పెట్టి ఇంకో ముద్ద తీసింది. అవ్వ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "కొనేవాళ్ళు ఏమంటారో," అని గొణిగింది. గొణుగుతూనే కండె పొర ఒకటి నీళ్ళు దులిపి ఒడిలో పరుచుకుంది. ఆమె తర్వాత మిగతావాళ్ళూ మొదలుపెట్టారు, ఒకరిద్దరు తప్ప. వాళ్ళు పొయ్యి చూసొస్తామని లేచారు. డేడే కాళ్ళు ముడుచుకుని వాళ్ళకి దారిచ్చింది. నిన్నటిదాకా తనైనా వాళ్ళలాగే లేచేది మరి.

అప్పుడు ఫోఫో, పిండి మీంచి తల ఎత్తకుండా, "ఏం కాదులే అక్కా. ముందే చూశాం కదా. నయమైపోతుంది, చూస్తూండు," అంది.

అంటుండగా ఆమె చేతులు వేగం అందుకున్నాయి. ఒక కెంకీ, వెంటనే ఇంకొకటి, చకచకా బుట్టలో పడ్డాయి.

డేడే ఆ చేతుల్ని చూసింది. చూపు తిప్పుకుని, తన ముద్ద కొస మెలిపెట్టి, బొటనవేలితో లోపలికి నొక్కింది.

"అవునులేవే," అంది.